వాల్వుల దండ

పోయిన వారం ఓబుళప్పను పెనుకొండలో తన షెడ్డు ముందర, కాగితం మీద సాక్షి సంతకం గీకి పెన్ను మూత బిగిస్తుండగా వదిలిపెట్టాం. ఆ కాగితంలో ఏముందో మరిచిపోయినవాళ్ళకు ఒక్క ముక్కలో చెప్తాను. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ముత్యాలప్ప వ్యానులో, సైలెన్సర్ పొట్టలో తేనెపట్టు లాంటి ముక్క ఒకటుంటుంది. చాలా ఖరీదైనది. దాన్ని డ్రైవర్ యోహాను బెంగళూరులో ఊడబెరికి అమ్ముకున్నాడని ఆ కాగితం చెబుతోంది. చూసినవాడు ఒక్కడూ లేడు. ఓబుళప్ప అన్నాడు, అంతే.

డిసెంబరు చలి ముదిరినప్పటి నుంచీ ఆ వ్యాను పొద్దున స్టార్ట్ చేస్తే చాలు, ఎదర పసుపు లైటు వెలుగుతోంది. వెలిగాక బండి ఈడ్వదు. హిందూపురంలో ఒక సెన్సర్ మార్చి చూశారు. మూడో రోజుకు లైటు మళ్ళీ వెలిగింది. చివరికి ఓబుళప్ప సైలెన్సర్ గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, "పొగ సల్లగా ఉండాది. లోపల ముక్క ల్యా. నీ డ్రైవరే అమ్ముకున్నాడు" అని తీర్పు చెప్పేశాడు. యోహాను లైసెన్సు అప్పటికప్పుడే ముత్యాలప్ప జేబులోకి పోయింది. యోహాను కాళ్ళావేళ్ళా పడితే ముత్యాలప్ప ఒక్క గడువిచ్చాడు. కంప్యూటర్ పెట్టె పెట్టి బండి రోగం చూసే మనిషి వచ్చి చూసేదాకా కాగితం పోలీసు స్టేషనుకు పోదన్నాడు.

ఆ మనిషే ఈ పొద్దు మొదటి బస్సుకు హిందూపురం నుంచి దిగింది.

దిగినావిడను చూసి ఓబుళప్ప మీసాల చాటున నవ్వాడు. సన్నగా, స్వెట్టరు మీద చున్నీ బిగించి కట్టుకుని, భుజాన స్కూలు పిల్లల సంచి లాంటిది వేసుకుని వచ్చింది. పేరు నీలావతి. బెంగళూరులో ఒక సర్వీసు సెంటర్లో ఆరేళ్ళు పనిచేసి వచ్చి హిందూపురంలో సొంతంగా చిన్న షాపు పెట్టుకుంది. ఆడమనిషి, అందులోనూ చేతికి నల్ల మరక అంటని ఆడమనిషి ఇంజిన్ రోగం చెప్పడమా? ఓబుళప్పకు ఉమ్మెయ్యాలనిపించింది. ఉమ్మేశాడు కూడా, పక్కకు తిరిగి.

మనిషికి గర్వం ఉండొచ్చు. పని తెలిసినవాడికి కాస్త ఎక్కువే ఉండొచ్చు. ఓబుళప్ప గర్వం మాత్రం షెడ్డు వాకిట్లో వేలాడుతూ ఉండేది. జనం దిష్టికి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టే చోట అతను ఇనుప తీగకు గుచ్చిన ఇత్తడి వాల్వుల దండ కట్టాడు. రేడియేటర్ కాగిన బండి ఏదొచ్చినా సరే, ఇంజిన్ పైన మూత విప్పడం, లోపలున్న వాల్వు పీకడం, మూత బిగించడం, పీకినదాన్ని దండకు గుచ్చడం. ముప్పై ఏళ్ళుగా ఇదే వైద్యం. "ఇది సలి దేశాలోళ్ళు పెట్టుకున్న బొమ్మప్పా. ఇంజిన్ కాగిందాకా నీళ్ళను ఆపుతాదంట. మన సీమ ఎండకి ఇంజిన్‌కి స్వెట్టరు తొడుగుతారా ఎవురైనా?" అంటే లారీ డ్రైవర్లు తలలూపేవాళ్ళు. ఎండాకాలంలో అది పనిచేసినట్టే కనిపించేది కూడా.

బిగించిన ప్రతి బోల్టు నెత్తిన భార్య గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టడం ఇంకో అలవాటు. ఆ చుక్క ఉన్న బోల్టు మీద పెనుకొండలో ఇంకో మెకానిక్ చెయ్యి వెయ్యడు. వేస్తే ఓబుళప్ప నోటికి దొరుకుతాడు. ఆ నోటికి దొరకడం కంటే లారీ కింద పడటం నయమని చుట్టుపక్కల వాళ్ళ అభిప్రాయం.

నీలావతి వాకిట్లో ఆగి దండను చూసింది.

"ఇదేందన్నా?"

"ముప్పై ఏండ్ల సంపాదన" అన్నాడు ఓబుళప్ప. "మీ బెంగళూరు బళ్ళో నేర్పినట్టు ల్యా."

ఆమె దండను కింది నుంచి పైదాకా ఇంకోసారి చూసి వ్యాను దగ్గరికి నడిచింది. యోహాను అక్కడే, టైరు పక్కన చేతులు చంకల్లో దోపుకుని నిలబడి ఉన్నాడు. ముప్పై దాటని మనిషి రెండు రోజుల్లో ఐదేళ్ళు పెద్దవాడైనట్టున్నాడు. రొద్దం దగ్గర పల్లె నుంచి చీకటితోనే సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

"రాత్రి నుంచి బండి ఎవురూ స్టార్ట్ చెయ్యల్యా గదా?" అనడిగింది నీలావతి.

"మంచం బండి పక్కనే యేసుకుని పండుకున్నా" అన్నాడు ఓబుళప్ప. "ఈయప్ప వచ్చి మల్ల ముక్క తగిలిచ్చి పోతాడేమోనని."

యోహాను తలెత్తలేదు. నీలావతి స్టీరింగు కింద చెయ్యి పెట్టి వైరు గుచ్చి, సంచిలోంచి పెట్టె తీసి ఒళ్ళో పెట్టుకుంది. తాళం తిప్పమని యోహానుకు సైగ చేసింది. ఇంజిన్ దగ్గి, వణికి, అందుకుంది. పసుపు లైటు వెలిగింది.

"చెప్పమ్మా" అన్నాడు ఓబుళప్ప, బీడీ ముట్టించుకుంటూ. "నీ పెట్టె ఏం జోస్యం చెప్తాంది? పెండ్లి ఎప్పుడవుతాదంట?"

"సలిలో స్టార్ట్ అయినాక పొగ ఎంత వేడెక్కల్లో అంత వేడెక్కతా ల్యా అంటాది."

ఓబుళప్ప బీడీ నోట్లోంచి తీసి, ఆకాశం వైపు చూసి, పగలబడి నవ్వాడు. "ఇన్నావా యోహానూ? ఇదే గదరా నేను చెప్పింది! నా అరచెయ్యి చెప్పిన మాట చెప్పేకి ఈయమ్మ హిందూపురం నుంచి పెట్టె మోసుకోనొచ్చింది. నా చెయ్యికి కరెంటు గూడా అక్కర్లా."

"సల్లగా ఉండాదని చెప్పినావు, సరే. ఎందుకనేది గూడా అరచెయ్యే చెప్పిందా అన్నా?"

"ముక్క లేకుంటే సల్లగా కాక?"

నీలావతి పెట్టె పక్కన పెట్టి దిగింది. బానెట్ ఎత్తి ఇంజిన్ పక్కనున్న సన్నటి సెన్సర్‌ను వేలితో చూపించింది. "పొగ వేడి చూసేది ఇది. నువ్వు చెప్పే ముక్క యాడుండాది? ఆడ, దీనికి రెండు మూరలు ఎనక. పొగ ఈడ నుంచి ఆడికి పోతాది. ముందర కూచున్నోడికి, ఎనక సీటు ఉండాదా ల్యాదా అనేదాంతో ఏం పని? ముక్క ఉన్నా, ఊడబెరుక్కున్నా, ఈడ వేడి తగ్గదు." ఆగి, చేతులు దులుపుకుంది. "ముప్పై ఏండ్లు బండ్ల కింద పండుకున్నోడికి పొగ ఏ పక్కకు పోతాదో తెలీదా?"

బీడీ ఆరిపోయింది. ఓబుళప్ప దాన్ని మళ్ళీ ముట్టించుకోలేదు. తన షెడ్డులో, తన నేల మీద నిలబడి, తనకు పొగ దారి తెలీదన్నవాళ్ళు ఇంతవరకూ పుట్టలేదు. పుట్టినా ఇలా మెత్తగా అనలేదు. అరిచి ఉంటే అతనూ అరిచేవాడు. ఆమె అసలు అతని మొహం కూడా చూడకుండా అనేసి మళ్ళీ ఇంజిన్ మీదికి వంగడం ఎక్కువ మండింది.

"అట్లయితే దేనివల్లనో చెప్పు మరి, అంత తెలిసినదానివి."

"దానికే గదా వచ్చింది." ఆమె ఇంజిన్ నుంచి రేడియేటర్‌కు పోయే పై గొట్టం మీద చెయ్యి వేసి నిలబడింది. ఒక నిమిషం గడిచింది. రెండు. తర్వాత చెయ్యి తీసి, "రా అన్నా. నీ అరచెయ్యి పెట్టు. కరెంటు అక్కర్లేని చెయ్యి గదా" అంది.

ఓబుళప్ప వెటకారంగా మూతి వంకర పెట్టుకుంటూనే వచ్చాడు. చెయ్యి పెట్టాడు.

గొట్టం గోరువెచ్చగా ఉంది.

చెయ్యి అబద్ధం చెప్పదు. నోరు చెబుతుంది గానీ చెయ్యి చెప్పదు. ఇంజిన్ ఇంకా చలికి వణుకుతుంటే ఈ గొట్టం మంచులా ఉండాలి. లోపలి వాల్వు నీళ్ళను ఆపి పెట్టుకుని, ఇంజిన్ బాగా కాగాక గానీ ఇటు వదలదు. వెచ్చటి నీళ్ళు అప్పుడే రేడియేటర్‌కు వచ్చేస్తున్నాయంటే ఆపేవాడు లేడన్నమాట. ఎప్పటికప్పుడు చల్లారిపోయే ఇంజిన్‌కు ఒళ్ళు వేడెక్కేదెప్పుడు, దాని పొగ వేడెక్కేదెప్పుడు? పాత లారీలు నోరు మూసుకుని భరించాయి. ఈ కంప్యూటర్ బండి భరించక లైటు వెలిగించి అరుస్తోంది.

లోపల వాల్వు లేదు. ఓబుళప్పకు ఆ సంగతి గొట్టం మీద చెయ్యి వేసిన నాలుగో క్షణంలోనే తెలిసిపోయింది. ఐదో క్షణంలో మే నెల గుర్తొచ్చింది.

మిట్టమధ్యాహ్నం, ఇదే వ్యాను, ఇదే ముత్యాలప్ప, పెనుకొండ దాటీ దాటగానే రేడియేటర్ కాగి ఆవిర్లు కక్కుతూ షెడ్డుకు వచ్చింది. తెగడానికి సిద్ధంగా ఉన్న ఫ్యాను బెల్టు మార్చాడు. పనిలో పనిగా వాల్వు పీకాడు. కాగడం తగ్గింది బెల్టు వల్ల. పేరొచ్చింది మాత్రం వాల్వు పీకినందుకు. ముత్యాలప్ప ఆ రోజు పదిమందిలో అతని భుజం తట్టాడు కూడా.

"ఎవురో పీకేసినారు" అంది నీలావతి. "పై మూత విప్పి చూస్తే తెలిసిపోతాది. నేను టీ తాగొస్తా. సావుకారి వచ్చినాక ఆయన ఎదురుగానే విప్పుదాం." ఇంజిన్ ఆపించింది. వాకిట్లో దండ కింద నుంచి తల కాస్త వంచి వెళ్ళింది. ఒక్కసారి కూడా పైకి చూడలేదు. చూడాల్సిన పని లేదని ఆ వీపే చెప్పింది.

యోహాను నీళ్ళ కుండ వైపు పోయాడు. ఓబుళప్ప ఒక్కడే బండి ముందు మిగిలాడు.

మూతకు మూడు బోల్టులు. మూడింటి నెత్తినా మూడు ఎర్రచుక్కలు. గురివింద గింజల్లా మెరుస్తున్నాయి. గురివింద గింజ తన కింద నలుపు తానెరగదని ఎంతమందిని ఎద్దేవా చేశాడో ఈ నోటితో! తన చుక్కలే తనను చూసి నవ్వుతున్నాయి. 

పెట్రోలు గుడ్డ చేతికి ఎప్పుడొచ్చిందో అతనికే తెలీదు. ఒక చుక్క తుడిచాడు. పోయింది. గోళ్ళరంగు ఎంత గట్టిదైనా పెట్రోలు ముందు ఎంత? పిల్లకాయ పని. యాభై ఎనిమిదేళ్ళ ముసలి నా కొడుకు చేసే పిల్లకాయ పని. తనను తాను తిట్టుకుంటూనే రెండోది తుడిచాడు. మూడో బోల్టు లోపలికి ఉంది. చెయ్యి అందలేదు. ఇంకాస్త వంగాడు.

"స్పానరు ఇయ్యల్లా అన్నా?"

వెనక యోహాను. చేతిలో నీళ్ళ చెంబు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. తేలు కుట్టిన దొంగలా ఓబుళప్ప అలాగే వంగి ఉండిపోయాడు. యోహాను చూపు గుడ్డ మీద ఉంది, గుడ్డకంటిన ఎరుపు మీద ఉంది. అరుస్తాడనుకున్నాడు. కాలర్ పట్టుకుంటాడనుకున్నాడు. పట్టుకున్నా బాగుండేది.

"మే నెల్లో నేనే గదన్నా బండి తోలుకోనొచ్చింది" అన్నాడు యోహాను, నిదానంగా. "నువ్వు పీకింది సూసినా. అది తప్పని నాకేం తెలుసు? పెద్ద మెకానిక్కువి, నువ్వు పీకినావంటే మంచికే అనుకున్నా. నువ్వు మాత్రం ఏమీ సూడకుండానే నన్ను దొంగ అన్నావు."

ఆ కళ్ళలో కోపం లేదు. ఉమ్మెయ్యడానికి కూడా పనికిరాని దాన్ని చూసే చూపు అది. ఓబుళప్ప ఆ చూపును ముప్పై ఏళ్ళుగా అందరి మీదా వాడాడు. తన మీద పడితే ఎలా ఉంటుందో ఈ పొద్దే తెలిసింది.

బయట కారు ఆగింది. ముత్యాలప్ప దిగాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మెడ చుట్టూ మఫ్లరు. వెనకాలే నీలావతి, చేతిలో సగం తాగిన టీ గ్లాసు.

"ఏమప్పా ఓబుళప్పా, తేలిందా? దొంగ సొత్తు యాడుండాదంట?"

నీలావతి టీ తాగుతూ బోల్టుల వైపు చూసింది. రెండు శుభ్రంగా ఉన్నాయి, మూడోది ఎర్రగా ఉంది. గుడ్డ వైపు చూసింది. ఆమె పెదవి చివర కాస్త వంగింది, అంతే. "నా పెట్టె రోగం పేరు చెప్తాది సార్. మనుషుల పేర్లు చెప్పదు. అది మీరూ మీరూ చూసుకోండి" అని ఊరుకుంది.

ఓబుళప్పకు దారి ఉంది. ఎవడో పీకాడనొచ్చు. బెంగళూరులో ఎవడో పీకాడనొచ్చు. యోహాను మాట ఈ సావుకారి నమ్మడు, హిందూపురం పిల్ల మాట అసలే నమ్మడు. నమ్మేది తన మాటే. మొన్న కూడా తన మాటే నమ్మాడు కదా.

అతను చరచరా వాకిట్లోకి నడిచాడు. దండను పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. తీగ తెగింది. ముప్పై ఏళ్ళ ఇత్తడి బండల మీద గలగలా దొర్లింది. వంగి, వెతికి, వాటిలో కాస్త కొత్తగా మెరుస్తున్న ఒకదాన్ని ఏరి తెచ్చి ముత్యాలప్ప చేతిలో పెట్టాడు.

"దొంగ సొత్తు అడుగుతాండావు గదా సావుకారీ. ఇదిగో. నీ బండిది. పీకినోడు యాడుండాడో అని బెంగళూరు దాకా చూడొద్దు. ఈడుండాడు." గుండె మీద కొట్టుకున్నాడు. గొంతులో అప్పటికీ వెటకారమే ఉంది. అతనికి ఇంకో గొంతు తెలీదు మరి. "మే నెల్లో నేనే పీకినా. దానికే బండి వేడెక్కదు, పొగ వేడెక్కదు, లైటు వెలుగుతాది. నువ్వు నా బుజం గూడా తట్టినావు, గెవనం ఉండాదా? నీ పట్టుచీరల తెలివి అంతమాత్రం. నా తెలివి దానికన్నా తక్కువ."

"అట్లయితే ఆ తేనెపట్టు ముక్క?"

ఓబుళప్ప బండి కిందికి దూరి, సైలెన్సర్ పొట్ట ముందున్న ఇంకో సెన్సర్ విప్పాడు. ఆ బెజ్జంలోకి టార్చి కొట్టి, "రా, వంగు. పంచెకు మట్టైతే కానీ, వంగు" అన్నాడు. ముత్యాలప్ప మూలుగుతూ వంగి చూశాడు. లోపల సన్నటి గళ్ళ తేనెపట్టు చెక్కు చెదరకుండా ఉంది. రెండు రోజులుగా ఒక మనిషి బతుకును నమిలేసిన ముక్క తన చోట తాను హాయిగా కూర్చుని ఉంది. ఓబుళప్ప కూడా ఇంతకుముందు ఇంత మాత్రం వంగి చూసి ఉంటే సరిపోయేది. అరచెయ్యి ఉండగా కళ్ళతో పనేమిటనుకున్నాడు. సెన్సర్ మళ్ళీ బిగించి బయటికొచ్చాడు.

"సార్, నా లైసెన్సు" అన్నాడు యోహాను.

ముత్యాలప్ప లేచి పంచె దులుపుకున్నాడు. చాలాసేపు దులుపుకున్నాడు. మట్టి అంత లేదు.

"లైసెన్సు నాకాడ ల్యా" అన్నాడు చివరికి. "నిన్న సాయంత్రమే కాగితంతో పాటు టేషన్లో ఇచ్చేసినా."

"ఈ పొద్దు దాకా ఆగుతానంటివి గదా సార్!"

"ఆగేది దేనికి? ఓబుళప్ప చెప్పినాడంటే చెప్పినట్టే గదా అనుకుంటి. ఆయప్ప సంతకం ఉండాది. ఎస్సై గూడా అదే చూసినాడు. ఓబుళప్ప మాటకి తిరుగుంటాదా అన్నాడు."

పొగడ్త చెంపదెబ్బలా తగలడం ఓబుళప్పకు అదే మొదటిసారి.

అప్పుడే యోహాను జేబులో ఫోను మోగింది. ఎత్తాడు. అవతల భార్య రూతమ్మ. ఏడుపు షెడ్డులో అందరికీ వినిపించింది, మాటలు మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "...నువ్వు ల్యాకపోతివి... యాడుండావో చెప్పమన్నారు... మామను జీపులో ఎక్కిచ్చుకోని పోయినారు... మందులు గూడా తీసుకోనీల్యా..."

యోహాను ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు, అవతల మాట ఆగిపోయాక కూడా. వాళ్ళ నాయన ఏసుదాసు డెబ్బై ఏళ్ళ ఉబ్బసం మనిషి. చలికాలం పొద్దునపూట పొయ్యి దగ్గర నుంచి కదలడు.

ముత్యాలప్ప మఫ్లరు సర్దుకున్నాడు. "నేను ఫోన్ చేసి చెప్తాలే. నిదానంగా..."

"నువ్వు చెప్తే చాలదు సార్" అన్నాడు యోహాను. వ్యాను డ్రైవరు సీటు తలుపు తెరిచి, లైసెన్సు లేకుండానే ఎక్కి కూర్చున్నాడు. పక్క తలుపు లోపలి నుంచి తోశాడు. "ఎక్కన్నా."

ఓబుళప్ప కదల్లేదు. ఈడ చెప్పడం వేరు. తన షెడ్డులో, తన నేల మీద, దండ తెంపి విసిరేసి చెప్పడంలో కూడా కొంత దర్జా ఉంది. ఆడ, కుర్చీ వెయ్యని చోట, చేతులు కట్టుకుని, నేను చూడకుండానే చెప్పాను సారూ, నా సంతకం అబద్ధం సారూ అనాలి. అన్నాక పెనుకొండలో ఏ లారీవాడు ఈ షెడ్డు ముందర ఆగుతాడు?

"ఈడ చెప్పిన మాటే ఆడ చెప్పు" అన్నాడు యోహాను. "ఇంకేం అడగను."

ఓబుళప్ప చేతిలో పెట్రోలు గుడ్డ ఇంకా ఉంది. దాన్ని చూసుకున్నాడు. బండల మీద దొర్లిన వాల్వుల మధ్య పడేసి, వాటిని తొక్కకుండా దాటుకుంటూ వచ్చి ఎక్కాడు. యోహాను తాళం తిప్పాడు. పసుపు లైటు మళ్ళీ వెలిగింది. వ్యాను చలికి దగ్గుతూ స్టేషన్ దారి పట్టింది. మలుపు తిరిగేలోపే ఓబుళప్ప చెయ్యి, దిగిపోదామన్నట్టు, తలుపు పిడి మీదికి పోయింది.